ముప్పై ఒక్క కిలోల మాస్టారు

ప్రచండ భానుడు నడినెత్తి దిగి, పడమటి రేకుల షెడ్డు మీదికి జరిగి, సకల చరాచర జగత్తును, అందునా విశేషించి క్రీడా వసతిగృహము వెనుక తీగమీద ఆరేసిన తువ్వాళ్లను ఎండుటాకుల వలె పెళపెళలాడించుచున్న వేళ. పరుగుబాట మీది ఎర్రధూళి పాదఘట్టనలకు పైకెగసి, కిటికీ చువ్వల సందున దూరి, కొలతల గదిలోని సమస్త వస్తుజాలమును అరుణకాంతిమయము గావించుచున్న వేళ. గోడగడియారపు చిన్నముల్లు నాలుగు దాటి, తప్పుచేసినవాని వలె బిక్కుబిక్కుమనుచు అయిదు వైపు నడచుచున్న వేళ. సకల ఊరుజంఘాబల పరీక్షా ధురంధరుడును, ఏకాదశ వర్షములుగా ఏ కాలి తాకిడికిని వెన్నిచ్చి యెరుగనివాడును, చక్రముల స్టూలే రథముగా గలవాడును అగు కొలతల మాస్టారు, ఎదుట ఇనుపబల్ల అంచున కాళ్లు వేలాడదీసికొని కూర్చున్న పందొమ్మిదేళ్ల పిల్లను చూచి, మేఘగంభీర స్వరమున ఇట్లు పలికెను:

“తన్ను.”

పిల్ల తన్నింది.

ఇది తగవు కాదు. కొలత. ఆటగాళ్ల తొడ కండరానికి ఎంత బలముందో తేల్చడమే ఆ గదిలో పని. ఆటగాడు బల్ల అంచున కూర్చుంటాడు. తొడలను పట్టీతో బల్లకు బిగిస్తారు. చీలమండకు బెత్తెడు పైన, కాలి ముందువైపున, మాస్టారు అరచేతిలో ఇమిడే ఒక డబ్బాను ఆనిస్తాడు. దాని ముఖాన మెత్త, పక్కన చిన్న తెర. ఆటగాడు ఉన్న బలమంతా పెట్టి కాలు ముందుకు చాపాలి. అయిదు సెకన్లు. ఆ అయిదు సెకన్లూ మాస్టారు డబ్బాను కదలనివ్వకూడదు. తెరమీద కిలోలు పడతాయి. ఒక్కో కాలికి మూడుసార్లు. మూడింట్లో పెద్ద అంకె లెక్క. దెబ్బతిన్న కాలు, బాగున్న కాలి బలంలో పదింట తొమ్మిది వంతులు తెచ్చుకుంటే ఆటకు పంపొచ్చు. తెచ్చుకోకపోతే పంపకూడదు.

ఇంతే పని. దీనికి మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. మాస్టారు ఊరిబడిలో పదో తరగతి దాకా చదివినవాడు. మూడో రోజు సగంలోనే తనకు అంతా వచ్చేసిందని ఇంటికి వచ్చేశాడు. ఆ మిగిలిన సగం రోజులో ఏం చెప్పారో ఈ కథ చివర్లో తెలుస్తుంది.

గది మూల ఒక మహాసింహాసనం ఉంది. అది అసలు యంత్రం. అందులో కూచోబెడితే మనిషి చెయ్యి పడకుండా అదే కాలిని కొలుస్తుంది. పదకొండేళ్ల కిందట లారీలో వచ్చింది. దాని ప్లగ్గు కాళ్లు లావు, గోడలో బెజ్జాలు సన్నం. గోడ మార్చమని మాస్టారు అర్జీ పెడితే ప్లగ్గు మార్చుకోమని జవాబు వచ్చింది. ప్లగ్గు మారిస్తే గ్యారంటీ పోతుందని అమ్మినవాళ్లు రాశారు. ఆ మీదట ఎవరూ ఎవరికీ ఏమీ రాయలేదు. సింహాసనం దుప్పటి కప్పుకుని కూచుంది. వానాకాలంలో దానిమీద తువ్వాళ్లు ఆరేస్తారు. దాని మొత్తం బతుకులో అది చేసిన సేవ అదొక్కటే.

కనుక డబ్బాయే దిక్కు. డబ్బా వెనక మాస్టారి రెండు చేతులే దిక్కు.

ఆ చేతులు చేసిన ఘనకార్యం రిజిస్టరులో ఉంది. దూరం పరుగువాళ్లు: ముప్పై ఒకటి. ఎత్తు దూకేవాళ్లు: ముప్పై ఒకటి. గుండు విసిరేవాళ్లు: ముప్పై ఒకటి. చిన్నపిల్లలు మాత్రం ఇరవై దగ్గర మొదలై ఏటేటా పెరిగేవారు. పెరిగి పెరిగి ముప్పై ఒకటికి చేరి, గోడ తగిలినట్టు అక్కడ ఆగిపోయేవారు. ఓసారి పైనుంచి తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరు తిరగేసి, ‘ఇంత సమానత్వం నేనెక్కడా చూడలేదు’ అని మెచ్చుకుని టీ తాగి పోయాడు. మాస్టారు ఆ మాటను అట్టమీద రంగులతో రాయించి గోడకు తగిలించుకున్నాడు.

ఇక ఆనాటి సంగ్రామం.

తన్నిన పిల్లను అందరూ మిడత అంటారు. మనిషిలో మూడొంతులు కాళ్లే. నలుగురమ్మాయిల రిలే జట్టులో మూడో పరుగు ఆమెది. పోయినేడు ఎడమ మోకాట్లో లిగమెంటు తెగింది. కోసి కుట్టారు. తొమ్మిది నెలలు మంచం, గోడ, మెట్లు పట్టుకుని నడిచి ఇప్పటికి మళ్లీ పరిగెడుతోంది. అయిదింటికి జట్టు జాబితా పైకి పోతుంది. అందులో పేరు లేకపోతే ఈ ఏడాదికి పోటీ లేదు. వచ్చే ఏటికి ఇరవై నిండుతాయి. పోటీకి పోకుండా ఇరవై నిండినవాళ్లకు ఆ వసతిగృహంలో మంచం ఉండదు. జట్టులో పేరు ఉండాలంటే ఎడమకాలు నిలబడాలి. అది నిలబడిందో లేదో చెప్పాల్సింది మాస్టారు.

అంతట మిడత కుడితొడ కండరము నిద్రలేచిన కొండచిలువ వలె చర్మము కింద మెలిదిరిగి, మోకాటిచిప్పను పైకి లాగి, చీలమండ మీదుగా డబ్బాపై విరుచుకుపడగా. మాస్టారు పండ్లు బిగబట్టి, మెడనరములు తాళ్ల వలె ఉబ్బ, కరద్వయమును ఏకము చేసి ఎదురొడ్డగా. రథచక్రములు కీచుమని ఆక్రందించి, వెనుకకు, వెనుకకు, ఇంకను వెనుకకు దొర్లి, బీరువాను ఢీకొని నిలిచెను. బీరువాపైనున్న అట్టపెట్టె ఒకటి మాస్టారి శిరమును అలంకరించెను.

మాస్టారు పెట్టె తీసి పక్కన పెట్టి తెర చూశాడు. ముప్పై ఒకటి.

ఎడమకాలు. ఈసారి రథం సగం దూరమే పోయి ఆగింది. ముప్పై ఒకటి.

మూడేసిసార్లు తన్నించాడు. మూడేసిసార్లూ అంతే. రిజిస్టరులో రాసి, పెన్ను మూత పెట్టాడు.

“రెండూ సమానం. పో. జట్టులో ఉన్నావ్.”

ఈ మాటకు ఎవరైనా ఎగిరి గంతేస్తారు. మిడత కదల్లేదు. తొడమీది పట్టీ అంచును గోటితో గీరుతూ కూచుంది.

“పోయినసారీ ఇదే అన్నారు మాస్టారూ.”

“ఏమన్నాను?”

“రెండూ సమానం, పో అన్నారు. అప్పుడు తొడ కొంచెం పట్టేసి వచ్చాను. ముప్పై ఒకటి, ముప్పై ఒకటి అని రాశారు. తొమ్మిదో రోజున పరిగెడుతుంటే మలుపులో మోకాలు పుటుక్కుమంది.”

“దానికి నేనేం చెయ్యను? మలుపులో చూసుకుని పరిగెత్తాలి.”

“ఇవాళ కూడా ఎడమకాలు మెట్లు దిగుతుంటే వణుకుతోంది. కుడిది వణకదు. ఒకటి వణికి ఒకటి వణక్కపోతే రెండూ సమానం ఎలా అవుతాయి?”

మాస్టారి మొహం ఎర్రబడింది. చిన్నప్పుడు బడి నాటకాల్లో రాజు వేషాలు వేసినవాడు. కోపం వస్తే ఆయనకు ఇప్పటికీ ఆ భాషే వస్తుంది. వసతిగృహంలో అందరికీ తెలుసు. కొందరు వినడానికే కోపం తెప్పిస్తారు.

“ఓసి అవివేకీ! ఎవ్వరి కొలతను శంకించుచున్నావో ఎరుగుదువా? పదునొకండు సంవత్సరములుగా ఈ బాహుదండములు ఎన్నెన్ని తొడల ఉద్ధతిని అణచినవో ఆ రిజిస్టరు నడుగుము! ఈ అరచేతిని దాటి ముందుకు సాగిన కాలు ఈ వసుధాతలమున ఇంతవరకు పుట్టలేదు! ఇకమీదట...”

“మాస్టారూ, నాటకం తర్వాత. ముందు గుండక్కని పిలుస్తాను,” అని మిడత కిటికీలోంచి కేకేసింది. “అక్కా! ఓ గుండక్కా! ఒక్కసారి రా!”

గుండక్క అంటే ఇనుపగుండు విసిరే పిల్ల. ఏమని వర్ణింతుము? ఆమె ద్వారమున ప్రవేశించిన మాత్రముననే వెలుతురు సగము వెలుపల నిలిచిపోవును. ఆమె అడుగు మోపిన మాత్రముననే మేజాపై పెన్నులు తమంత తాము దొర్లి అంచున నిలిచి ప్రాణభీతితో వణకును. ఆమె తొడ మిడత నడుముకన్న లావు. మనసు మాత్రం మెత్తన.

“ఏంటే మిడతా, ఇంకా తేల్లేదా?”

“అక్కా, నీ కాలెంత?”

“ముప్పై ఒకటి.”

“నాదీ ముప్పై ఒకటేనట.”

గుండక్క తన కాలు చూసుకుంది. మిడత కాలు చూసింది. కొంచెం చిన్నబుచ్చుకుంది.

“మాస్టారూ, ఏమనుకోకపోతే నన్ను మళ్లీ ఓసారి చూస్తారా?”

మాస్టారు ఏమీ అనుకోకుండా ఉండే మనిషి కాదు. కానీ పట్టుదలకు పోయి డబ్బా ఎత్తాడు. మిడత పట్టీ విప్పుకుని దిగింది, గుండక్క బల్లెక్కింది. రథము నధిరోహించాడు.

ఆపై జరిగినదానిని యుద్ధమనుట ధర్మము కాదు. యుద్ధమునకు ఇరుపక్షములు కావలెను. గుండక్క కాలు కదిలించిన క్షణముననే మాస్టారు రథసమేతముగా గదిని దాటి, గడపను దాటి, వరండాలో ఆరబెట్టిన బూట్ల వరుసను చీల్చుకొని, నీళ్ల కుళాయి వద్ద ఆగెను. చేతిలో డబ్బా మాత్రము వదలలేదు. తెరమీద ముప్పై ఒకటి.

“ముప్పై ఒకటి,” అన్నాడు మాస్టారు వరండాలోంచి.

“మీరు అక్కడున్నారు మాస్టారూ,” అంది గుండక్క.

“ఉన్నాను. అయితే?”

“కొలిచేవాళ్లు కుళాయి దగ్గరికి పోతే కొలిచేది ఎలా?”

మాస్టారు స్టూలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చాడు. ప్యాంటు మోకాలు తడిసింది.

“డబ్బా తప్పు చెప్పదు. కాలు ఎంత నొక్కితే అంతే చూపిస్తుంది.”

“అయితే గోడని కొలవండి,” అంది గుండక్క.

“గోడనా?”

“ఊఁ. గోడ తన్నదు కదా. దానికి ఎంత వస్తుందో చూద్దాం.”

మాస్టారు ఇలాంటి తెలివితక్కువ మాట తన సర్వీసులో వినలేదని పైకే అన్నాడు. అని, డబ్బాను గోడకు ఆనించి, రెండు చేతులతో, ఉన్న బలమంతా పెట్టి అయిదు సెకన్లు నొక్కాడు. సరిగ్గా ‘ఇంత సమానత్వం నేనెక్కడా చూడలేదు’ అన్న అట్ట కింద.

తెర చూశాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ చూశాడు. బీరువాను నొక్కాడు. తలుపు చట్రాన్ని నొక్కాడు. దుప్పటి తీసి సింహాసనాన్ని నొక్కాడు.

“ఎంత మాస్టారూ?” అంది మిడత.

 గుండక్క వెళ్లి ఆయన భుజం మీంచి తొంగిచూసింది.

“గోడకీ ముప్పై ఒకటే. మిడతా, ఈ గోడని కూడా రిలేకి రాసెయ్యమను.”

మిడత నవ్వలేదు. మాస్టారు స్టూలుమీద కూచున్నాడు.

ఆయన భార్య బతికున్నప్పుడు ఇంట్లో బిగుసుకున్న సీసా మూతలన్నీ ఆవిడే తీసేది. ‘మీ చేతుల్లో బలం లేదండీ’ అనేది. ‘మూత వంకర’ అనేవాడు ఆయన. ఆరేళ్ల కిందట ఓ మధ్యాహ్నం కాఫీపొడి సీసా మూత బిగించి పడుకుని, ఇక లేవలేదు. ఆ సీసా ఇప్పటికీ అలమరలోనే ఉంది. మూత రాలేదు. తనకు కాఫీ పడదని మాస్టారు అందరికీ చెబుతాడు. చెప్పాపెట్టకుండా పోయినందుకు ఆవిణ్ణి ఆయన ఇప్పటికీ క్షమించలేదు. ఆవిడ అన్న మాటను అంతకన్నా క్షమించలేదు.

ఆ మాట ఇప్పుడు డబ్బా అంటోంది. కిలోలతో సహా.

తనకన్న బలహీనమైన కాలుంటే దాని బలం తెరమీద పడింది. తనకన్న బలమైన కాలుంటే తన చేతుల బలం పడింది. పదకొండేళ్లుగా ఆయన కొలిచింది ఆటగాళ్లను కాదు.

ఈ తత్త్వము ఆయన తలకెక్కుచున్న సమయముననే, మెడలో ఈల, చంకలో ఫైలు, మణికట్టున రెండు గడియారములు ధరించి, సకల శిష్యగణ భయంకరియు, ఆలస్యజన సంహారిణియు అగు కోచ్ మేడమ్ గుమ్మమున ప్రత్యక్షమాయెను.

“మాస్టారూ, కాగితం అయిందా? అయిదింటికి జాబితా పోవాలి.”

“కాలేదు.”

“రిజిస్టరులో ఉందిగా. ముప్పై ఒకటి, ముప్పై ఒకటి. సమానం. కాగితం మీద ఎక్కించి సంతకం పెట్టండి.”

“అది దాని కాలు కాదు మేడమ్. నా చెయ్యి.”

మేడమ్ గుండక్క వైపు చూసింది. గుండక్క గోడ వైపు చూపించింది. మేడమ్‌కు ఏమీ అర్థం కాలేదు.

“ఎవరిదైతే ఏంటండీ, సమానమేగా?”

“నా చెయ్యి నా చేతికి సమానమే. దాంతో దాని మోకాలు నిలబడదు.”

“చూడండి, నాకు నలుగురు కావాలి. ముగ్గురితో రిలే పరిగెత్తించమంటారా? ఒక్క సంతకం. పదకొండేళ్లు పెట్టారు కదా, ఇవాళేమొచ్చింది?”

మాస్టారు లేచి నిలబడ్డాడు. మిడతకు సంతకం కావాలి. మేడమ్‌కు సంతకం కావాలి. సంతకం పెడితే ఆయన పరువు కూడా చెక్కు చెదరదు. పెన్ను జేబులోనే ఉంది.

“పెట్టను,” అన్నాడు. “మిడతా, నిజం కొలుస్తాను. తక్కువ వస్తే తక్కువే రాస్తాను. జట్టు పోతుంది. మంచం పోతుంది. తెలుసా?”

“తెలుసు. రాయండి.”  “మళ్లీ తెగడంకన్నా అదే నయం.”

మేడమ్ రెండు గడియారాలూ చూసుకుంది. “ఇరవై రెండు నిమిషాలు. ఆ తర్వాత నన్నడక్కండి,” అని సింహాసనం మీది దుప్పటి పక్కకు తోసి కూచుంది. ఆ సింహాసనానికి అదే మొదటి పట్టాభిషేకం.

అప్పుడు ఆయుధ పరీక్ష మొదలైంది.

ముందుగా గుండక్క డబ్బా పట్టింది. మిడత మళ్లీ బల్లెక్కి, పట్టీ బిగించుకుని ముందుకు తన్నింది. కాలు మాత్రం వెనక్కి పోయింది.

“అక్కా, కొలుస్తున్నావా మడతపెడుతున్నావా?”

“అలవాటే, ఏదైనా చేతికొస్తే తోసెయ్యడమే.”

చేతులు పనికిరావు. ఓడిపోనిది ఏదైనా కావాలి. గదిలో ఓడిపోనిది ఒక్కటే, ఇనుపబల్ల. దాని నాలుగు కాళ్లూ నేలలోకి బోల్టులతో దిగి ఉన్నాయి. డబ్బాను కాలిమీద ఆనించి, చుట్టూ ఏదైనా కట్టి, వెనకనున్న బల్లకాలికి బిగించేస్తే, మిడత తన్నేది బల్లను. బల్లకు పరువు లేదు, పంతం లేదు, కుళాయి దగ్గరికి పోదు.

దేనితో కట్టాలి?

స్కిప్పింగు తాడు వీరావేశమున ముందుకు వచ్చెను. తన్నిన వెంటనే జానెడు సాగి, సిగ్గుతో వేలాడెను. తువ్వాలు వచ్చెను, ముడి జారి నేలబడెను. అతుక్కునే గుడ్డపట్టీ వచ్చెను. చర్రుమని ఆర్తనాదము చేసి ఊడివచ్చెను. మేడమ్ మెడలోని ఈలతాడు వైపు ముగ్గురూ ఒక్కసారి చూచిరి. మేడమ్ ఈలను గుప్పిట దాచుకొనెను.

“పదకొండు నిమిషాలు,” అంది.

మాస్టారు తన నడుము వైపు చూసుకున్నాడు.

తోలు బెల్టు. పెళ్లయిన కొత్తలో ఆవిడ కొన్నది. ఇరవై ఏడేళ్లలో వెంట్రుకవాసి సాగలేదు. ఆయనే తగ్గాడు. ఆవిడ పోయాక మేకుతో మూడు బెజ్జాలు కొత్తగా పొడుచుకున్నాడు. అది లేకపోతే ప్యాంటు నిలవదు.

“అటు తిరగండి,” అన్నాడు.

ముగ్గురూ అటు తిరిగారు. బెల్టు సర్రుమని బయటికొచ్చింది. మాస్టారు ఎడమచేత్తో ప్యాంటు పట్టుకుని, కుడిచేత్తో బెల్టు అందించాడు. గుండక్క దాన్ని కుడివైపు బల్లకాలి చుట్టూ తిప్పి, డబ్బా మీదుగా మిడత కాలికి చుట్టి, తన మోకాలు బల్లకు ఆనించి లాగి బిగించింది. బెల్టు కిర్రుమని మూలిగింది కాని కదల్లేదు.

“కుడికాలు. తన్ను,” అన్నాడు మాస్టారు, డబ్బా జారకుండా ఒక్క వేలు ఆనించి.

మిడత తన్నింది. బల్ల కదల్లేదు. బెల్టు సాగలేదు. మాస్టారు ఎక్కడికీ పోలేదు. తెరమీద అంకెలు ముప్పై ఒకటి దగ్గరికి వచ్చాయి. ఎప్పుడూ ఆగే చోటు. ఆగలేదు. నలభై దాటాయి. యాభై దాటాయి.

యాభై రెండు.

 ఆ తెరమీద అంత అంకె ఎవరూ చూడలేదు. మిగిలిన రెండుసార్లూ అంతకన్నా కొంచెం తక్కువే వచ్చాయి. యాభై రెండు ఖాయం.

మేడమ్ ఫోనులో లెక్క కట్టింది. “ఎడమది నలభై ఆరు పాయింటు ఎనిమిది రావాలి.”

బెల్టు ఎడమవైపు బల్లకాలికి మారింది.

మొదటిసారి: నలభై నాలుగున్నర.

“అయిపోయింది,” అంది మేడమ్.

“కాలేదు. ఇంకా రెండున్నాయి,” అంది గుండక్క.

రెండోసారి: నలభై అయిదు పాయింటు ఒకటి. తన్నేటప్పుడు మిడత మొహం మాస్టారు చూశాడు. పిల్ల కళ్లు మూసుకుంది. బలం పెడుతోంది గాని చివర్లో గబుక్కున వెనక్కి తీసుకుంటోంది, వేడి పెనం తాకిన చెయ్యిలా. కాలికి బలం చాలక కాదు. కాలిమీద నమ్మకం లేక.

నాలుగూ యాభై మూడు. మాస్టారు పిల్లకు ఒక్క నిమిషం విరామం ఇవ్వాలి. ఇచ్చాడు. ఆ నిమిషం ఆయన ఆమె ఎదుట నిలబడి ఉన్నాడు. ఎడమచేత ప్యాంటు ఉంది కాబట్టి నిటారుగా నిలబడటం కుదరలేదు. నాటకాల భాష కూడా రాలేదు.

“మిడతా.”

“ఏంటి మాస్టారూ.”

“పోయినేడు నీ కాలు నిన్ను మోసం చెయ్యలేదు. తనకు బలం చాలదని అది చెప్పింది. వినాల్సింది నేను. నేను నా చెయ్యి కొలుచుకుని పంపించాను. తప్పు నాది. కాలిది కాదు.”

ఆయన ఎవరికీ ఎన్నడూ ఇంత మాట చెప్పలేదు. చెప్పాల్సిన ఇంకో మనిషి కాఫీపొడి సీసా మూత బిగించి పోయింది.

మిడత తన ఎడమకాలు వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఎవరితోనో తగవు పడి తొమ్మిది నెలలు మాట్లాడకుండా ఉండి, వాళ్ల తప్పు లేదని ఇప్పుడే తెలిసినట్టు చూసింది.

“కళ్లు మూయకు,” అన్నాడు మాస్టారు. “తన్ను.”

అంతట, ఓ జనులారా, నవమాస పర్యంతము శంకాపంకమున మునిగియున్న ఆ వామపాదము, పంజరము తెరచిన పులి వలె ముందుకు లంఘింప; తోలుబెల్టు ఇరువది యేడేండ్ల కాపురపు బిగువంతయు చూపి నిలువ; ఇనుపబల్ల బోల్టులు నాలుగును భూదేవిని గట్టిగ పట్టుకొన; గుండక్క ఊపిరి బిగబట్టుటచే గదిలో గాలి కరవుకాగా; కోచ్ మేడమ్ తనకు తెలియకయే ఈల నోట పెట్టుకొనగా; మాస్టారు ఒంటివేలితో డబ్బాను, ఒంటిచేతితో మర్యాదను కాపాడుకొనుచు తెరపై చూపు నిలుపగా; అంకెలు ముప్పదియొకటిని తృణీకరించి, నలుబదిని అధఃకరించి, నలుబది నాలుగు, నలుబది అయిదు, నలుబది ఆరు అని మెట్టుమెట్టుగా ఎక్కి, అయిదవ సెకను అంచున, కొండకొమ్మున కాలూనినవాని వలె నిలిచెను.

నలభై ఏడు.

మేడమ్ నోట్లో ఈల దానంతటదే మోగింది.

“ఎంత కావాలి?” అంది మిడత, రొప్పుతూ.

“నలభై ఆరు పాయింటు ఎనిమిది,” అన్నాడు మాస్టారు. “రెండు వందల గ్రాములు ఎక్కువే.”

గుండక్క మిడతను ఎత్తబోయింది. తొడల పట్టీ విప్పలేదని, కాలు బెల్టుతో కట్టే ఉందని గుర్తుకు రాలేదు. మిడత కెవ్వుమంది. బల్ల ఈసారీ కదల్లేదు.

మాస్టారు కాగితం మీద రాశాడు. కుడి యాభై రెండు. ఎడమ నలభై ఏడు. సంతకం. ఒంటిచేత్తో సంతకం కాస్త వంకర పోయింది. మేడమ్ కాగితం లాక్కుని గుమ్మం దాకా పరిగెత్తి, ఆగి, వెనక్కి తిరిగింది.

“మాస్టారూ, మిగిలినవాళ్లందర్నీ మళ్లీ కొలవాలంటారా?”

“అందర్నీ. రేపు పొద్దున ఆరింటికి. బెల్టు బల్లకే ఉంటుంది.”

“మరి మీకు?”

ఆయన ప్యాంటు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. నాలుగూ యాభై ఏడు. మేడమ్ పోయింది.

శిక్షణలో మూడో రోజు మిగిలిన సగం పూట చెప్పింది ఇదే. డబ్బాను చేత్తో పట్టుకోవద్దు, కట్టండి అన్నారు. మాస్టారు అప్పటికే బస్సులో ఉన్నాడు.

పిల్లలు వెళ్లాక ఆయన స్కిప్పింగు తాడు తీసుకుని నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేశాడు. రెండు చెక్కపిడులు అటొకటి ఇటొకటి వేలాడాయి. ఈ విధముగ, కాలితో పోరి ఓడి, గోడతో పోరి సమానుడై, చివరకు తన బెల్టుచేత గెలిచిన ఆ మహావీరుని విజయము, తూకమునకు రెండు వందల గ్రాములు, సర్వలోకములందును వర్ధిల్లుగాక.

గదికి తాళం వేసేముందు గోడమీది అట్ట వైపు చూశాడు. తీద్దామనుకుని మానేశాడు. గోడకు అది సరిగ్గానే ఉంది.

రిజిస్టరు తెరిచాడు. మొదటి పేజీలో, పదకొండేళ్ల కిందట తన చేత్తో గుండ్రంగా రాసుకున్న శీర్షిక: ‘ఆటగాళ్ల కాలి బలం’. స్కేలు పెట్టి తిన్నగా కొట్టేశాడు. పైన రాశాడు: ‘కొలిచినవాడి చేతి బలం’. పక్కన రిమార్కుల గడి ఖాళీగా ఉంది. పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించాడు. మూత వంకర అని రాయలేదు.

‘ముప్పై ఒక్క కిలోలు. పదకొండేళ్లలో ఒక్క గ్రాము తగ్గలేదు’ అని రాసి, తేదీ వేసి, చెక్కపిడులు ఊపుకుంటూ ఇంటికి పోయాడు.